నేను నొక్కిన మహిమ

ఫిబ్రవరి 3, సోమవారం

పురుషోత్తం ఫోన్ చేశాడు. పత్రికకు సంపాదకుడైతే చాలు, ఫోటోల సంగతి కూడా తెలిసిపోతుందనుకుంటాడు.

"గుండన్నా, నీ వ్యాసం ఎప్పటిలెక్కనే నిప్పు. ఫోటోలే నీళ్లల్ల ముంచి తీసినట్టున్నయి. అన్నీ అలుక్కపోయినయి. ఇగ ఫోటోలకు వరుణ్‌ను పంపిస్త. నువ్వు రాసుడు రాయి, చాలు."

ఇరవై మూడేళ్లుగా ఆ పత్రికలో నెలకో పేజీ నాది. మాటా నాదే, సాక్ష్యమూ నాదే. సాక్ష్యం వేరొకడు తెస్తే అది వ్యాసం కాదు, చెప్పుడు మాట. అదే అన్నాను. నెల గడువు అడిగాను. మా హుస్సేనీ ఆలం గల్లీ మొగదల మూత లేని మ్యాన్‌హోల్‌ను రోజూ పొద్దున ఆరింటికి, మా ఇంటి మెట్ల మీద ఒకే చోట నిలబడి, నెల రోజులు ఫోటో తీస్తానన్నాను. రోజుకొక ఫోటో, రోజుకొక నేరం. "సరే, ఒక్క నెల. మళ్ల అలుక్కపోతే మాత్రం వరుణే" అన్నాడు.

ఫోటోలు అలుక్కుపోవడానికి కారణం ఫోన్ తెర. దీని మీద విడిగా రాయాలి.

ఫిబ్రవరి 4

రాస్తున్నాను.

తెర మీద బటన్ బొమ్మ గీసి ఇదే బటన్ అంటారు. ఆకలైనవాడికి అన్నం బొమ్మ చూపించి, తిన్నావు కదా, ఇక లే అన్నట్టు. గోడ మీద లైటు స్విచ్చు నొక్కితే టక్కుమంటుంది. ఆ టక్కు ఏమిటి? నీ మాట విన్నాను అని వస్తువు మనిషికిచ్చే జవాబు. తెర జవాబివ్వదు. వేలు ఆనినా అంగీకారమే, వేలు జారినా అంగీకారమే, వేలు వణికినా అంగీకారమే. నొక్కడం ఒక నిర్ణయం. ఆనడం ఒక ప్రమాదం. ఈ దేశంలో కోట్లమందిని ప్రమాదవశాత్తూ అంగీకరించేలా చేసిన యంత్రానికి మనం లాల్చీ జేబులో చోటిచ్చి తిప్పుతున్నాం.

బాగా వచ్చింది. "వేలు వణికినా" అన్నది కొట్టేయాలి. అక్కడ అవసరం లేదు.

ఫిబ్రవరి 5

మా ఆవిడ లీలమ్మ చాయ్ కప్పు సగమే నింపి ఇస్తోంది. అడిగితే "పాలు తక్కువున్నయి" అంది. గిన్నె మూత తీసి చూశాను. తక్కువ లేవు.

ఫిబ్రవరి 8, శనివారం

వామన్‌రావుతో బేగంబజార్ వెళ్ళాను. పక్కింటివాడు. మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆ గోడకు ఆనుకునే వాళ్ళ అమ్మవారి గుడి, మా స్నానాల గదికంటే కొంచెం పెద్దది. నాలుగు తరాలుగా పూజ వాళ్ళదే. ముప్పై ఏళ్ళుగా అతనితో నాకు ఒక్క విషయంలోనూ మాట కలవలేదు. మాట్లాడుకోని రోజూ లేదు. అతనికి కర్పూరం, కొబ్బరికాయలు కావాలి. నాకు బటన్ కావాలి.

గిన్నెల దుకాణాల వెనక గల్లీలో దొరికింది. రేగుపండంత నల్లటి డబ్బీ, మధ్యలో ఒక బటన్. ఫోన్‌ను స్టాండుకు తగిలించి, దూరంగా నిలబడి దీన్ని నొక్కితే ఫోటో పడుతుంది.

"సాబ్, యే దబావో, ఫోటో ఖిచ్ జాతా. ఫోన్‌కో హాత్ లగానాచ్ నై" అన్నాడు దుకాణదారు.

హాత్ లగానాచ్ నై. చెయ్యి తగిలించే పనే లేదట. రెండు రోజులు తంటాలు పడి నేను రాసిన సిద్ధాంతాన్ని మూడు ముక్కల్లో చెప్పేశాడు.

నా ఫోన్ చార్జింగ్ అయిపోయింది. "నా ఫోన్ల చూడు" అని వామన్‌రావు తనది ఇచ్చాడు. దుకాణదారు దాన్ని బటన్‌కు కలిపాడు. నొక్కాను. కొబ్బరికాయల సంచి ముందు వామన్‌రావు నిలబడ్డ బొమ్మ పడింది, మీసంలో తెల్ల వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా.

"మంచిగనే ఉన్నది గాని గుండయ్యా, ఫోన్ మీదనే నొక్కరాదా? చెయ్యికేమైంది?"

"చెయ్యికేం కాలేదు. ఇది సిద్ధాంతం."

"సిద్ధాంతానికి గూడ బ్లూటూత్ కావాల్నా?"

తిరిగి వస్తూ కొబ్బరికాయల సంచి ఒక చేత్తో నేనూ పట్టుకున్నాను. దారంతా మాట్లాడలేదు అతను. అతని నోరు మూయించానంటే నా వాదనలో బలం ఉన్నట్టే.

ఫిబ్రవరి 10, సోమవారం

మొన్న ఇంటికి రాగానే బటన్‌ను నా ఫోన్‌కూ కలిపాను. ఈరోజు పని మీద చాంద్రాయణగుట్ట వెళ్ళి, ఫ్లైఓవర్ కింద స్టాండు పెట్టి పన్నెండు ఫోటోలు తీశాను. పన్నెండూ అద్దం. బస్సు నంబర్లు, గోడ మీద పోస్టర్ల అచ్చుతప్పులు కూడా చదవొచ్చు. ముప్పై ఏళ్ళుగా సర్కారీ ప్రెస్‌లో ప్రూఫ్‌లు దిద్దుతున్నాను, నా కన్నుకు ఏమీ కాలేదు.

చేతికీ కాలేదు. తప్పు తెరదే. రుజువైంది.

ఫిబ్రవరి 11

పొద్దున ఆరు. మెట్ల మీద స్టాండు, ఎదురుగా మ్యాన్‌హోల్. బటన్ నొక్కాను. ఫోటో పడలేదు. ఎనిమిదిసార్లు నొక్కాను. పడలేదు. నిన్న ఫ్లైఓవర్ కింద పనిచేసింది ఈరోజు సొంత గల్లీలో ఎందుకు చేయదు?

అదే సమయానికి గోడ అవతల వామన్‌రావు గుడి స్పీకర్ మోత మొదలైంది. అందులో పాట వాళ్ళ అమ్మ రాధాబాయిగారిది. యాభై ఏళ్ళు ఆవిడే పొద్దున పాట పాడింది. ఇప్పుడు ఎనభై ఆరు. గొంతూ పోయింది, చెవులూ పోయాయి. ఎప్పుడో రికార్డు చేసిన పాటను వామన్‌రావు ఫోన్‌లో పెట్టి, దాన్ని స్పీకర్‌కు తగిలిస్తాడు. పోయినేడు నేను గల్లీవాళ్ళతో అర్జీ రాయించాను. సగం కంటే పెంచనని అందరి ముందూ మాటిచ్చాడు. ఈరోజు గోడ అదిరిపోయింది.

మాట తప్పాడు. నమ్మకాలున్న మనిషి మాట ఇంతే.

చివరికి చేత్తోనే ఫోటో తీశాను. చలి. అలుక్కుపోయింది.

ఫిబ్రవరి 12

మళ్ళీ అంతే. నేను బటన్ నొక్కడం, ఫోటో పడకపోవడం, పక్కన మోత లేవడం. సరిగ్గా నా పని వేళకే పెంచుతున్నాడు. నా ఏకాగ్రత చెడగొట్టడానికే.

గోడ మీదుగా అరిచాను. "వామన్‌రావూ! ఒప్పందం ఏమైంది?"

"నేను ముట్టనే లేదయ్యా! సగంల పెట్టి హారతిస్తున్న. అదే లేస్తున్నది!"

"అదే ఎట్ల లేస్తది?"

"గదే నేను గూడ అడుగుతున్న!"

ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఇద్దరం ఒకే ప్రశ్న అడిగాం. నాకు నచ్చలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

గుడి ముందు పూలమ్మే బాలమ్మ మొదలుపెట్టింది. రాధాబాయమ్మకు వినపడటం లేదని అమ్మవారే పాట లేపుతోందట. పొద్దున ఆరింటికి పదకొండు మంది నిలబడ్డారు. పాట పెరిగింది. పదకొండు మందీ చెంపలేసుకున్నారు.

ఇరవై మూడేళ్ళు నేను రాసింది ఎవరు చదివారు?

ఫిబ్రవరి 15

చలి తగ్గలేదు. లీలమ్మ ఫ్యాను వేసుకుంది. ఎవరి శరీరతత్వం వారిది.

ఫిబ్రవరి 18, మంగళవారం

ప్రెస్‌లో టపా గదికి వెళ్ళాను. అంజన్న కవర్ల మీద ముద్రలు కొడుతున్నాడు. నాకు ప్రూఫ్‌లు దిద్దడం నేర్పింది అతనే. నాలుగేళ్ళ కింద చెయ్యి వణకడం మొదలైంది. గీత ఒక అక్షరం మీద పెట్టబోయి పక్క అక్షరం మీద పెట్టేవాడు. ఎవరూ ఏమీ అనలేదు. చాలా మర్యాదగా ముద్రల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అప్పట్నుంచి అతని పేరు ముందు ఒక మాట చేరింది. పాపం అంజన్న. పాపం అంజన్న చాయ్ తాగిండా. పాపం అంజన్నకు సెలవు దొరికిందా.

నన్ను తిట్టండి. కోర్టుకీడ్చండి. నా దిష్టిబొమ్మ కాల్చండి. పాపం గుండయ్య అన్నవాడిని మాత్రం క్షమించను.

ఇది ఎందుకు రాశానో తెలియదు. దీనికీ బటన్‌కూ సంబంధం లేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఈరోజు అన్నీ వివరంగా రాయాలి.

మహిమను బట్టబయలు చేద్దామని గుడిలోకే వెళ్ళాను. లోపలా, గుమ్మం బయటా కలిపి నలభై మంది ఉన్నారు. స్టాండు నిలబెట్టి, ఫోన్‌ను స్పీకర్ వైపు తిప్పాను. వామన్‌రావు అందరికీ చూపించి పాటను సగంలో పెట్టాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. స్పీకర్‌ను ఎవరూ ముట్టడం లేదని సాక్ష్యం కోసం నేను బటన్ నొక్కాను.

పాట లేచింది.

మళ్ళీ నొక్కాను. ఇంకొంచెం లేచింది. జనం అమ్మా తల్లీ అన్నారు. కోపంతో వరసగా నాలుగు సార్లు నొక్కాను. రాధాబాయిగారి గొంతు గల్లీ దాటిపోయింది. ముసలావిడ గోడకు ఆనుకుని కూర్చుని, ఎన్నో ఏళ్ళకు తన పాటకు తానే తాళం వేస్తోంది.

"గుండన్న రాంగనే ఇంక జోరుగ లేస్తున్నది సూడుండ్రి!" అంది బాలమ్మ. నా మెడలో బంతిపూల దండ వేసింది. నేను! దండతో! గుడిలో!

అప్పుడు తట్టింది. వామన్‌రావు పాటను మళ్ళీ సగానికి తగ్గించాక, చెయ్యి జేబులో పెట్టుకుని పరీక్ష చేశాను. నొక్కాను, లేచింది. ఆగాను, ఆగింది. అయిదుసార్లు చేశాను. అయిదుసార్లూ అంతే. బేగంబజార్‌లో ముందుగా కలిపింది వామన్‌రావు ఫోన్‌కు. ఇంటి దగ్గర ఉన్నంతసేపూ బటన్ గోడ అవతల ఉన్న ఆ ఫోన్‌నే పట్టుకుంటోంది. కెమెరా తెరిచి ఉంటే ఫోటో తీస్తుంది. పాట నడుస్తుంటే గొంతు పెంచుతుంది.

ఈ మహిమకు కర్తను నేను.

నోరు తెరిచి చెప్పవలసిన క్షణం అదే. ఇదిగో బటన్ అనాలి. అంటే నలభై మందిలో ఒకరైనా అడుగుతారు. నీకు బటన్ ఎందుకు? ఫోన్ మీదనే నొక్కొచ్చు కదా? చెయ్యికేమైంది?

దండతోనే ఇంటికి వచ్చాను. లీలమ్మ చూసి నవ్వలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఫిబ్రవరి 22

నొక్కలేదు. పాట సగంలోనే ఉంది. జనం పెళ్ళివారు రాని పందిరిలో లాగా నిలబడ్డారు.

రాధాబాయిగారి మాట గోడ ఇవతలికి వినిపించింది. "ఇయ్యాల అమ్మ అలిగిందా వామన్? ఏం ఇనవడ్తలేదు."

"నువ్వే పెంచరాదా?" అని అడిగాను వామన్‌రావును, గోడ మీదుగా.

"మాటిచ్చిన గద. నేను పెంచ."

నమ్మకాలున్న మనిషి మాట.

ఫిబ్రవరి 23

ఎనిమిదిసార్లు నొక్కాను. ఎందుకని అడగకూడదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

పురుషోత్తం. "గుండన్నా, మీ గల్లీల మహిమ అంట గద! ఊరంతా అదే లొల్లి. మ్యాన్‌హోల్ ఇడిశిపెట్టు. ఈ నెల పేజీ దీని మీదనే. నువ్వు గాక ఇంకెవరు నిలదీస్తరు? గురువారం పొద్దుగాల్ల వరుణ్ ఒస్తడు, ఫోటోలు తీస్తడు."

రాయడానికి కూర్చున్నాను. మొదటి వాక్యం: ఇది మహిమ కాదు, ఒక సాంకేతిక పరికరంతో ఎవరో చేస్తున్న పని.

ఎవరో.

కొట్టేసి, "గుర్తు తెలియని వ్యక్తి" అని రాశాను. కొట్టేశాను. "ప్రజల అమాయకత్వంతో ఆడుకుంటున్న దుర్మార్గుడు" అని రాశాను. శైలి బాగుంది. దుర్మార్గుడి ఊరూ పేరూ రాయాల్సిన చోట కలం ఆగింది. అక్షరాలు కూడా బాగా రావడం లేదు. ఈ కలం మార్చాలి.

ఫిబ్రవరి 26, బుధవారం

వామన్‌రావు దగ్గరికి వెళ్ళాను. గుడిలో ప్రమిదలు తోముతున్నాడు. బటన్ తీసి గట్టు మీద పెట్టాను.

"ఇదీ నీ మహిమ."

అతను తల ఎత్తలేదు. "తెలుసు."

"ఏం తెలుసు?"

"ఫోన్ మీద దాని పేరు వస్తది గద గుండయ్యా, దినాం ఆరింటికి. ఏంది ఇదని నాలుగు దినాలు చూసిన. మా మాన్యను అడిగితే, తాతా ఇది ఫోటో బటన్ అన్నది. పన్నెండు దినాల సంది తెలుసు."

నాకు ఒళ్ళు మండింది. "పూజారివై ఉండి దొంగ మహిమను నడిపించినవా? జనాన్ని మోసం చేసినవా? రేపు పేజీలో నీ పేరు రాస్త!"

"రాయి. నేను ఎన్నడన్న మహిమ అన్ననా? వచ్చినోళ్లకు తీర్థమిచ్చిన. దినాం నొక్కింది ఎవలు? నాస్తికుడు నొక్కవట్టె, పూజారి మోసం చేసిండట!"

"తెలిసినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే బటన్ ఎందుకని అడుగుతరు గద."

ప్రమిద తుడుస్తూనే ఉన్నాడు. తుడవడానికి అందులో ఇంకేమీ లేదు.

"బేగంబజార్ల సంచి పట్టినవు చూడు. దారి పొడుగూత కొబ్బరికాయలు ఒకదాన్నొకటి కొట్టుకున్నయి. నా దిక్కు చప్పుడు లేదు. నీ దిక్కే. దవాఖానకు పో గుండయ్యా."

"చలి" అన్నాను.

"ఔ. చలే" అన్నాడు.

ముప్పై ఏళ్ళలో నాతో అతను ఒప్పుకున్న మొదటి మాట. అంత ఘోరమైన ఓటమి నాకు ఎప్పుడూ జరగలేదు.

రాధాబాయిగారి చెవి దగ్గర వంగి గట్టిగా చెప్పాను. "అమ్మా, పాట లేపింది అమ్మవారు కాదు. నేను. ఈ బటన్‌తో."

"ఎవలైతేంది బిడ్డా, నాకు ఇనవడ్డది" అంది. "రేపు గూడ నొక్కు."

ఫిబ్రవరి 27, గురువారం

చెప్పేశాను. ఆరింటికి, గుడి బయట డెబ్బై మంది ముందు, వరుణ్ కెమెరా ముందు. బటన్‌ను తల పైకెత్తి చూపించాను. "ఇది చూడుండ్రి! ఇది బజార్ల దొరికే వస్తువు. నేను నొక్కుతే పాట లేస్తది. మహిమ లేదు, మాయ లేదు!" నొక్కి చూపించాను. లేచింది. మళ్ళీ నొక్కాను. లేచింది. ఇంతకంటే స్పష్టమైన రుజువు ప్రపంచ చరిత్రలో ఉండదు.

నిశ్శబ్దం. ఇరవై మూడేళ్ళుగా నేను కోరుకున్న నిశ్శబ్దం.

అప్పుడు బాలమ్మ నా చెయ్యి వైపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో తల్లీ! అన్న చెయ్యి సూడుండ్రి! ఎట్ల ఊగుతున్నదో! అమ్మ అన్న మీదికే వచ్చింది! పూనకం!"

డెబ్బై మంది నా చేతికి దండం పెట్టారు. ఎవరో పసుపునీళ్ళు చల్లారు. ఒకాయన తన ప్లాటు రిజిస్ట్రేషన్ అవుతుందా కాదా అని నా చేతిని అడిగాడు. చెయ్యి దించాలనుకున్నాను. ఎత్తినకొద్దీ ఎక్కువగా ఊగుతోంది. వేపమండలు తెమ్మని ఎవరో కేకేశారు.

"పూనకం కాదు!" అని అరిచాను.

"అమ్మ మాట్లాడుతున్నది! ఏమంటున్నది?"

"పూనకం కాదు, రోగం! నా చెయ్యి వణుకుతున్నది! ఆర్నెల్ల సంది వణుకుతున్నది! కప్పు పట్టలేను, ఫోన్ మీద నొక్కలేను, గీత గీయలేను! గందుకే బటన్ కొన్న! రోగం! రోగం!"

పాట అయిపోయింది. నా అరుపు ఒక్కటే మిగిలింది.

జనం ఒక్కొక్కరే కదిలారు. వరుణ్ కెమెరా దించేశాడు. ఎందుకు దించావురా, తియ్యి అన్నాను. తీయలేదు. బాలమ్మ మాత్రం వచ్చి చేతి మీద పసుపునీళ్ళు కొంగుతో తుడిచింది. "రోగమైతే మందులుంటయ్ గదన్నా. పూనకానికే ఉండయి" అంది. ఆమె నోట పాపం అన్న మాట వస్తుందని కాచుకుని చూశాను. రాలేదు.

మా గుమ్మంలో లీలమ్మ నిలబడి ఉంది. ఆర్నెల్లా, అని అడుగుతుందనుకున్నాను.

"శనివారం పదింటికి డాక్టరమ్మ దగ్గర నంబరు తీసుకున్న" అంది. "వారం దినాలైంది తీసుకొని. నువ్వు ఎప్పుడు చెప్తవా అని చూస్తున్న. మా చర్చిల గూడ, ప్రార్థన చేయమని ఎవ్వరికీ చెప్పలే."

ఫిబ్రవరి 28

పురుషోత్తానికి వ్యాసం పంపాను. దుర్మార్గుడి ఊరూ పేరూ రాశాను. ఫోటోలు ఇకనుంచి వరుణ్ తీస్తాడని నేనే చెప్పాను. "నీ పేజీ నీదే అన్నా" అన్నాడు. నేను అడగలేదు. అడగకుండా చెప్పినందుకు పది నిమిషాలు తిట్టాను.

అర్జీలో ఒక్క మాట మార్చాను. సగం అన్నచోట పూర్తిగా అని. పొద్దున ఒక్క పాటకే. దీన్ని రాజీ అనకూడదు, సవరణ అనాలి.

మార్చి 1, శనివారం

ఆటోలో నేను, లీలమ్మ, మధ్యలో ఎవరూ పిలవని వామన్‌రావు. చిన్న డాక్టరమ్మ. మా అమ్మాయి స్వీటీ వయసుంటుంది. నడవమంది. వేళ్ళు తట్టమంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వంద నుంచి ఏడేసి తగ్గించుకుంటూ లెక్కపెట్టమంది. ఎనభై ఆరు దగ్గర నా చెయ్యి నన్ను అడక్కుండానే ఆడటం మొదలుపెట్టింది. ఆమె చూసింది. నేనూ చూశాను. అలా దాన్ని ఎప్పుడూ చూడలేదు.

కాగితం ఇచ్చి సుడి గీయమంది. లోపలి నుంచి బయటికి, ఆగకుండా.

"ఎందుకు? సుడితో ఏం తెలుస్తుంది? దీనికి ప్రమాణం ఏమిటి?" అన్నాను.

"గీయండి సార్, తర్వాత వాదిద్దాం."

గీశాను. రంపపు పళ్ళలాగా వచ్చింది. ఇంకా పరీక్షలున్నాయంది. ఇప్పుడే పేరు పెట్టలేనంది. మందులుంటాయంది. వామన్‌రావు కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. ఇంకెప్పుడైనా అయితే ఆపేవాణ్ణి.

"ఇప్పుడు కింద ఒక వాక్యం రాయండి. మీ ఇష్టం, ఏదైనా."

ఏదైనా! ఇరవై మూడేళ్ళలో ఎన్ని వేల వాక్యాలు రాశానో. ప్రభుత్వాల మీద, కంపెనీల మీద, గుళ్ళ మీద, తెరల మీద. ఒక్కటీ గుర్తుకు రాలేదు. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. లీలమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

నా చెయ్యి వణుకుతోంది, నాకు భయంగా ఉంది, అని రాశాను.

అక్షరాలు చీమల బారులా చిన్నవై కుడివైపుకు జారాయి. డాక్టరమ్మ కాగితం తన వైపు తిప్పుకుని రెండుసార్లు చదివింది.

"అర్థమవుతుంది సార్" అంది.

కాగితం మళ్ళీ నా ముందుకు లాక్కున్నాను. ఆమె అడగలేదు. అయినా కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాను.